చీటీలో పడ్డ ఇల్లు

మా ఇంటి ముందు వేపచెట్టు కింద ఎవరో రోజూ కారు నిలబెట్టి పోతారు. తెల్లారేసరికి దాని మీద వేపపూత దుప్పటి పరిచినట్టు రాలి ఉంటుంది. ఎండ తగలగానే ఆ పూత నుంచి కొంచెం చేదు, కొంచెం తీపి కలిసిన వాసన లేస్తుంది. ఆ వాసన ముక్కుకు తగిలిందంటే రాయచూరులో ఎండలు ముదిరాయని ఎవరూ చెప్పక్కర్లేదు. మా ఇళ్ళల్లో దాంతోపాటు ఇంకొకటి కూడా గుర్తుకొస్తుంది, ప్రభువు శ్రమలు తలుచుకునే నలభై దినాలు నడుస్తున్నాయని. నలుగురికి ఆ దినాల్లో భక్తి పుడుతుంది. నాకు మాత్రం ముందు కోపం పుడుతుంది. యాభై ఏళ్ళ కిందటి కోపం అది. ఎంత కడిగినా పోని చమురు మరకలాగా ఉంది.

మా అమ్మానాన్న పొద్దున పత్తి మిల్లుకు పోతే దీపాలు పెట్టే వేళకు వచ్చేవాళ్ళు. నన్ను పెంచింది మా నాయన తల్లి, శాంతమ్మవ్వ. కోట గోడ వెనక రెండు గదుల ఇల్లు మాది. ముందర బండలు పరిచిన వాకిలి, ఆ వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి. అవ్వ ఖానావళికి, అంటే భోజనాల హోటలుకు, జొన్న రొట్టెలు చేసి పంపేది. ఆమె రెండు చేతుల మధ్య పిండి తిరుగుతుంటే వచ్చే టపటప చప్పుడుకే నేను నిద్ర లేచేదాన్ని. చలికాలం చివర పాలకంకుల ఊసబియ్యం, వాటిలోకి బెల్లం, పల్లీల పొడి. తర్వాత చింతకాయలు, ఆ తర్వాత పుంటికూర పప్పు. నలభై దినాలు మొదలైతే ఇంట్లో కూర చట్టి అటకెక్కేది, మాంసం మాట ఎత్తకూడదు. మేము ఆడపిల్లలం బండల మీద చింతపిక్కలు పరుచుకొని, బయట అడుగుపెడితే కాళ్ళు కాలే ఆ మధ్యాహ్నాలన్నీ అరుగు నీడ జరిగినకొద్దీ మేమూ జరుగుతూ ఆడుకునేవాళ్ళం.

మా గుడి, అంటే చర్చి, చిన్నది. పైన రేకులు, కింద నాపరాళ్ళు, ముప్ఫై నలభై ఇళ్ళవాళ్ళం. మా పాస్టరు అయ్యగారు కాలువ సీమ నుంచి వచ్చినవాడు. ఆయన కోస్తా మాట మా పిల్లలకు నవ్వు తెప్పించేది గానీ, ఆయన పెట్టిన పద్ధతి మాత్రం ఎవరికీ నవ్వులాట కాదు. నలభై దినాలు మొదలయ్యే బుధవారం నాడు ఒక్కొక్క ఇంటి నుంచి ఒకరి పేరు ఒక్కొక్క కాగితం మీద రాసి, చుట్టి, ఇత్తడి చెంబులో వేసేవాడు. ఇంటికొకరు వచ్చి ఒక చీటీ తీసుకోవాలి. ఎవరి పేరు వస్తే ఆ ఇంటిని నలభై దినాలూ మొయ్యాలి. పొద్దునా సాయంత్రం ఆ ఇంటి పేరు పెట్టి ప్రార్థన చెయ్యాలి. శనివారం శనివారం ఆ ఇంటికి పోయి ఒక పని చేసి రావాలి, నీళ్ళు తేవడమో, అలకడమో, కందులు ఏరడమో. ఎందుకొచ్చామో నోటితో చెప్పకూడదు. ఈస్టర్ నాడు తెల్లవారుజామున లేచి నిలబడి, నేను ఫలానా ఇంటిని మోశానని చెప్పి, ఆ ఇంటివాళ్ళ చెయ్యి పట్టుకోవాలి. ఆ తర్వాతే భోజనాలు.

ప్రతి ఏడూ చెంబు పట్టుకొని ఆయన ఒక్కటే మాట చెప్పేవాడు. మొదట నమ్మండి, ఈ పేరు మీ చేతికి ఊరికే రాలేదని. నమ్మినాక చెప్పిన మాట వినండి, చీటీ మార్చుకోవద్దు. విన్నాక విసుగు పుడుతుంది, పుట్టినా విడిచిపెట్టొద్దు. ప్రేమంటారా, అది అన్నిటికంటే వెనకాల నడిచి వస్తుంది, వచ్చిందా లేదా అని రోజూ తలుపు తీసి చూడకండి. మా అవ్వ ముందు వరుసలో కూర్చొని ఆ మాటకు తల ఊపేది. అదే వరుసకు ఆ కొసన కూర్చొని మా చిన్నవ్వ కూడా అంతే గట్టిగా తల ఊపేది. వాళ్ళిద్దరికీ ఆరేళ్ళుగా మాటల్లేవు.

చిన్నవ్వ అంటే మా తాత తమ్ముడి భార్య, దేవమ్మ. మా అవ్వకు తోడికోడలు. ఇద్దరూ పదకొండేళ్ళు ఒక్క పొయ్యి మీద వండుకున్నవాళ్ళు. వేరుపడినప్పుడు కూడా తగువు రాలేదట. తగువు వచ్చింది గుడిలో కిటికీ దగ్గర. ఆడవాళ్ళ వైపు ఉన్నది ఒకటే కిటికీ. మేనెలలో రేకుల కింద కూర్చుంటే తల మీద పెనం బోర్లించినట్టుండేది. ఆ కిటికీ కింద మాత్రం చల్లగా గాలి తగిలేది. శనివారాలు గుడి ఊడ్చేది చిన్నవ్వ కాబట్టి అక్కడ తన తువ్వాలు పరిచి పోయేది. ఒక ఆదివారం అవ్వ ఆ తువ్వాలు తీసి పక్కన పెట్టి కూర్చుంది. ఊడ్చేది నేను, గాలి నీకా అని చిన్నవ్వ అడిగింది. దానికి అవ్వ, అందరూ వింటుండగా, పిల్లలు పుట్టని మనిషిని పట్టుకొని ఏ మాట అనకూడదో ఆ మాట అంది. ఆ మాట నేను రాయను. ఆ ఆదివారం నుంచి కిటికీ కింద ఇద్దరూ కూర్చోలేదు, ఇంకెవరినీ కూర్చోనివ్వలేదు. చెమటలు కారుతూ ముప్ఫై మంది ఆడవాళ్ళు ఒకరినొకరు ఒరుసుకొని కూర్చునేవాళ్ళు, గాలి మాత్రం ఖాళీ నాపరాళ్ళ మీదికి వచ్చి పోయేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, మూడో తరగతిలో ఉండగా, అవ్వ తీసిన చీటీ నేనే చదవాల్సి వచ్చింది. ఆమెకు చదువు లేదు. గుడి మెట్ల దగ్గర చీటీ విప్పి నా చేతికిచ్చింది. చూస్తే దేవమ్మ అని ఉంది. దాని గడప తొక్కేది నా శవమే అని అవ్వ ఒట్టు పెట్టుకున్నది నేను ఎన్నోసార్లు విన్నాను. ఇప్పుడు ఒట్టు తప్పాలి, లేకపోతే దేవుడి మాట తప్పాలి. రెండూ జరగకుండా చూసే భారం నా మీదే పడిందనుకున్నాను. అంత మంచి మనసే అయితే చెప్పుకోవడానికి బాగుండేది. సగం సంగతి ఇంకొకటి. మా వెనక వీధిలో రాహేలమ్మ ఇంట్లో శనివారం శనివారం బెల్లం పూర్ణంతో ఓళిగలు చేసేవాళ్ళు.

"రాహేలమ్మ" అని చదివాను.

అవ్వ నా ముఖం వైపు చూసింది. చీటీ వైపు చూసింది. దాన్ని మడిచి కొంగున ముడేసుకొని, "సరే, నడువు" అంది.

ఆ నలభై దినాలు నేను పడ్డ పాట్లు ఎవరికి చెప్పుకోను? రాహేలమ్మ మంచి మనిషే, కానీ మా అవ్వకు తను పడిందని తెలిసినప్పటి నుంచి వారమంతా పనులు దాచిపెట్టడం మొదలుపెట్టింది. మొదటి శనివారం రెండు బిందెల నీళ్ళతో తీరింది. మూడో శనివారానికి గోనె సంచెడు చింతపండు గింజ తీయడం, నాలుగో శనివారం గోడలకు సున్నం. రాహేలమ్మ మంచం మీద కూర్చొని విసనకర్రతో విసురుకుంటూ, "శాంతక్కా, ఆ మూల జర తక్కువైందేమో చూడు, నీ చెయ్యి పడితేనే నాకు తృప్తి" అనేది. తన చీటీ నిజంగా పడ్డవాళ్ళూ వస్తుంటే, ఇద్దరెందుకొస్తున్నారని ఆమె ఎవరినీ అడగలేదు. ఓళిగలు వాళ్ళ పిల్లలకే సరిపోలేదు. నాకు ఒక్కటి, అదీ అంచు దగ్గర మాడినది దొరికింది. మోకాళ్ళ నొప్పితో మా అవ్వ సున్నం బొక్కెన మోస్తుంటే నాకు ఏడుపొచ్చేది. ఆమె మాత్రం ఒక్క మాట అనేది కాదు. ఇంత ఓపిక ఈమెకు ఎక్కడిదా అని ఆశ్చర్యపోయేదాన్ని.

నీళ్ళకు పోవాలంటే చిన్నవ్వ వాకిలి ముందు నుంచే దారి. మొదటి శనివారం ఆమె వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, గడప మీద కూర్చొని ఉంది. పక్కన చెంబు నిండా నీళ్ళు, కంచం మూసిన గిన్నె ఒకటి. రెండో శనివారమూ అంతే. ఆమెకు పడిన చీటీ చూపు లేని ఒక ముసలాయన ఇల్లు. పొద్దున్నే పోయి ఆయన పని చేసి వచ్చి, తనను మోసేవాళ్ళు వస్తారని ఎండ పడమటికి తిరిగేదాకా కూర్చునేది. మూడో శనివారం నన్ను ఆపింది. తనకు మాటల్లేని ఇంటి పిల్లనని కూడా మరిచిపోయిందేమో.

"ఏం పిల్లా, నేను ఎవ్వరికి పడ్డనో నీకేమన్న ఎరికనా?"

తెలియదని తల ఊపాను.

"ఎవ్వరో పెద్దమనుషులకే పడినట్టుంది. వాళ్ళకు తీరుబడి లేదు" అని నవ్వి, గిన్నె మీది కంచం తీసి రెండు బెల్లం ముద్దలు నా చేతిలో పెట్టింది. "వచ్చేటోళ్ళ కోసం చేసిన. చీమలు పడ్తున్నయ్. తిను."

తిన్నాను. నాలుగో శనివారం నుంచి దారి మార్చి కోట చుట్టూ తిరిగి నీళ్ళు తెచ్చాను. బిందె సగం ఒలికిపోయేది. పైగా ఆలస్యమైందని రాహేలమ్మ సాధింపు. ఆదివారం వస్తే అయ్యగారు మాట వినడం గురించి చెప్పేవాడు. ఆయన కళ్ళు నన్నే వెతుకుతున్నాయనిపించి అవ్వ వీపు వెనక దాక్కునేదాన్ని.

ప్రభువు సిలువ దినం, శుక్రవారం, మూడు గంటల ఆరాధన అయి ఇంటికొచ్చాక ఇక నావల్ల కాలేదు. అవ్వ ఉపవాసం విడవడానికి గంజి కాస్తోంది. వెనక నిలబడి మొత్తం చెప్పేశాను. చీటీలో చిన్నవ్వ పేరు ఉందని, నేనే అబద్ధం చదివానని, ఆమె ఆరు శనివారాలుగా గడప మీద కూర్చుంటోందని. కట్టెతో కొడుతుందని కళ్ళు మూసుకున్నాను.

గరిటె తిప్పడం ఆగలేదు. "నాకు తెల్సు" అంది.

ఏం తెలుసని అడిగాను.

"దాని పేరు తెల్సు. దాని పెండ్లి బిందె మీద చెక్కిచ్చి ఉండె. పదకొండేండ్లు చింతపండు పెట్టి తోమిన నేను ఆ పేరును. సదువు రాకుంటే ఏమాయె, దేవమ్మ అన్నది నా చేతి యేళ్ళకు తెల్సు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు సదివినవు, నేను విన్న" అంది. నా వైపు తిరగకుండానే, "నాకు గట్లనే కావాలనిపిచ్చింది" అంది.

అప్పుడు నాకొచ్చిన కోపం మళ్ళీ జన్మలో రాలేదు. ఆరు వారాలు రాత్రుళ్ళు నిద్రలో ఉలిక్కిపడి లేచింది నేను. కోట చుట్టూ బిందె మోసింది నేను. ఈమె నా అబద్ధం నీడన హాయిగా కూర్చుంది. పైగా ఆ ఓపికను చూసి నేను మురిసిపోయాను. గంజి తాగకుండా పోయి మూలన పడుకున్నాను. పాపం చేసింది నేనే అయినా అలిగే హక్కు నాకే ఉందనిపించింది.

మరుసటి రోజు శనివారం, ఆఖరిది. అవ్వ పొద్దున్నే తలంటుకొని, చేటలో కందులు పోసుకొని, నన్ను రమ్మని సైగ చేసి బయలుదేరింది. చిన్నవ్వ వీధి మలుపు దాకా పోయాము. అక్కడ నుంచి ఆమె గడప కనిపిస్తుంది, గడప మీద కూర్చున్న ఆమె కూడా. అవ్వ అక్కడే నిలబడిపోయింది. ఎండకు చేటలో కందులు వేడెక్కాయి. "కాలు పడ్తలేదే" అని వెనక్కి తిరిగింది. అంతదూరం పోయి ఆ నాలుగు అడుగులు వెయ్యలేని మనిషిని ఏమనాలి?

ఈస్టర్ నాడు తూరుపు ఎర్రబడేవేళకు అందరం గుడిలో ఉన్నాం. తెల్లబట్టలు, మల్లెపూలు, బయట గుండిగలో ఉడుకుతున్న మాంసం వాసన. ఒక్కొక్కరే లేచి పేరు చెప్పడం, చేతులు పట్టుకోవడం, నవ్వులు. మా వంతు వచ్చింది. రాహేలమ్మ అప్పటికే కొంగు సర్దుకొని లేవడానికి సిద్ధంగా ఉంది. అవ్వ నాపరాయి మీద చెయ్యి ఆనించి లేచింది.

"నా చీటీల దేవమ్మ పడ్డది. నేను చూసిన. చూసి, రాహేలమ్మ ఇంటికి పోయిన."

అంతే చెప్పింది. నా పేరు ఎత్తలేదు. అది నేను చాలా ఏళ్ళ తర్వాత గమనించాను.

చిన్నవ్వ ఆ కొసన లేచి నిలబడింది. "ఏడు శనివారాలు వాకిలి ఊడ్చి కూర్చున్న అక్కా" అంది. ఆరేళ్ళలో ఆమె నోట అక్కా అన్న మాట అదే మొదలు. అవ్వ ముఖం వెలిగింది. నేనూ అనుకున్నాను, ఇక అయిపోయిందని, అయ్యగారు చెప్పిన ప్రేమ వెనకనుంచి నడిచి వచ్చేసిందని. చిన్నవ్వ తువ్వాలు దులిపి భుజాన వేసుకొని బయటికి నడిచింది. అయ్యగారు వెంటపడి, "దేవమ్మగారూ, ఒక్కసారి చేతులు కలపండమ్మా, పండగ పూట" అని బతిమాలాడు. ఆగలేదు. భోజనానికీ కూర్చోలేదు.

పండగ అయిపోయింది, నలభై దినాలూ అయిపోయాయి. అవ్వకు మాత్రం అప్పుడు మొదలైంది. తర్వాతి శనివారం చేటతో పోయి చిన్నవ్వ గడప ముందు కూర్చుంది. లోపల మనిషి అలికిడి వినిపిస్తూనే ఉంది, తలుపు తీయలేదు. అవ్వ కందులు ఏరి, శుభ్రం చేసి, గడప మీద మూట పెట్టి వచ్చింది. మళ్ళీ శనివారం పోతే ఆ మూట అక్కడే ఉంది, ఊడ్చేటప్పుడు చీపురుతో కొంచెం పక్కకు జరిపినట్టు. అవ్వ ఆ మూటే విప్పి మళ్ళీ ఏరింది. ఏరిన కందుల్లో ఏం ఉంటుంది ఏరడానికి? ఏడు శనివారాలు అయ్యాయి, లెక్క తీరింది కదా అనుకున్నాను. ఎనిమిదో శనివారం కూడా చేట ఎత్తింది. రోహిణి ఎండలు. నా తల పగిలిపోతోంది. ఇంకెన్ని దినాలవ్వా అని అడిగితే, "నాకేం ఎరిక, నడువు" అంది. అయ్యగారిని అడిగితే, ఆయన నా తల నిమిరి పోయాడే గానీ ఒక జవాబు చెప్పలేదు. పెద్దవాళ్ళ దగ్గర జవాబుండదని నాకు అప్పుడే తెలిసింది. మాట వినమని మనకు చెప్పడం మాత్రం వస్తుంది.

మృగశిర పుట్టిన వారంలో ఒక శనివారం, గడప ముందు కూర్చొని ఉండగానే మొదటి వాన దబదబా కొట్టింది. అవ్వ కదల్లేదు. కొంగు కప్పుకొని అట్లాగే కూర్చుంది. తలుపు ఫట్టున తెరుచుకుంది.

"కందులు తడుస్తున్నయ్, కండ్లు లేవా? లోపటికి రా" అంది చిన్నవ్వ.

తలుపు తీసింది మా అవ్వ కోసమా, కందుల కోసమా? లోపల ఇద్దరూ కౌగిలించుకోలేదు, కన్నీళ్ళు పెట్టుకోలేదు. క్షమించమని మా అవ్వ అడగలేదు, ఆ పాత మాటను చిన్నవ్వ ఎత్తలేదు. పప్పులో రాళ్ళు మిగిలాయని ఆమె, నీ పొయ్యి పొగ ఎక్కువని ఈమె. ఆ తర్వాత పన్నెండేళ్ళు వాళ్ళు అలాగే సాధించుకుంటూ బతికారు. రోజూ ఒకరింటికి ఒకరు పోయేవాళ్ళు, రోజూ అలిగి వచ్చేవాళ్ళు. గుడిలో కిటికీ దగ్గరికి, "నువ్వు పో అక్కా" అని ఆమె, "నువ్వే పో, ఊడ్చేది నువ్వు" అని ఈమె, ఒకరినొకరు తోసుకోవడమే గానీ ఇద్దరిలో ఒక్కరూ పోయి కూర్చోలేదు. ఆ గాలి చివరిదాకా ఎవరికీ దక్కలేదు. చిన్నవ్వ కన్నుమూసినప్పుడు, స్నానం చేయించింది మా అవ్వే, ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. అది ప్రేమే అయ్యుంటుంది. అయితే అది ఏ రోజున వచ్చిందో, ఇన్ని గుర్తుపెట్టుకున్న నేను కూడా పట్టుకోలేకపోయాను.

ఇప్పుడు ఇత్తడి చెంబు లేదు, చుట్టిన కాగితాలు లేవు. గుడి పెద్దదైంది, రేకులు పోయి స్లాబు పడింది. పాత ఇళ్ళవాళ్ళు సగం బెంగళూరుకు, హైదరాబాదుకు పోయాయి. ప్రార్థనలు కంఠతా చెప్పే ఆనాటి ముసలమ్మల్లో ఒక్కరూ మిగల్లేదు. పేర్లు ఫోన్ గ్రూపులో వస్తాయి. ఈ ఏడు నాకు మా వీధిలోనే బట్టలు కుట్టే సరోజ పేరు వచ్చింది. మా పిల్లకు కుదిరిన సంబంధం ఆమె నోటి వల్లే చెడిపోయిందని నా నమ్మకం. మూడేళ్ళుగా ఆమె ఇంటి ముందు నుంచి నేను నడవను. పేరు చూడగానే, గ్రూపు నడిపే పిల్లవాడికి మార్చమని చెప్పాను. అతను ఎందుకని కూడా అడగలేదు. బొటనవేలి బొమ్మ పంపాడు, నిమిషంలో వేరే పేరు వచ్చింది. ఆ వేరే వాళ్ళు, ఆంటీ మీరు ఎండలో రావొద్దు, ప్రార్థన చేస్తే చాలన్నారు. చల్లగా ఇంట్లో కూర్చున్నాను. నాలుగు వారాలు ఇలాగే పోయాయి. వద్దు అని చెప్పే మనిషి ఒక్కరైనా లేకపోయారే అని నాలో నేనే కోపంతో ఉడుకుతూ ఉన్నాను.

ఇవాళ పొద్దున ఆ పిల్లవాడికి ఫోన్ చేసి, నాకు మొదట వచ్చిన పేరే మళ్ళీ ఇవ్వమన్నాను. అతను చూసి చెప్పాడు. "ఆమెను మీ తర్వాత ముగ్గురికి ఇచ్చినం ఆంటీ. ముగ్గురూ మార్చమన్నరు. ఇప్పుడు ఎవ్వరికీ లేదు."

అతన్ని తిట్టబోయాను. ముందు మార్చమన్నది నేనే కదా. ఫోన్ పెట్టేసి, శనివారం కాదు, బుధవారమని కూడా చూడకుండా, చెప్పులేసుకొని పోయి ఆమె తలుపు కొట్టాను. మెడలో టేపుతో, పళ్ళ మధ్య గుండుసూదితో సరోజ సగం తలుపు తీసింది.

"ఏంది? బట్టలు తెచ్చినవా?"

తేలేదన్నాను. నా ఖాళీ చేతులు చూసింది.

"మీ ఇంట్ల ఏం పనుందో చెప్పు" అన్నాను.

ఆమె నోట్లోంచి సూది తీసి నన్ను ఎగాదిగా చూసింది. తలుపుకు అడ్డంగానే నిలబడి ఉంది, పక్కకు జరగలేదు. నేనూ గడప దిగలేదు.